ఏడు గంటల సైరన్

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచె వడ్‌గావ్ అనే ఊరుంది. 2022 నుంచి అక్కడ రోజూ సాయంత్రం ఏడింటికి గుళ్లో సైరన్ మోగుతుంది. మోగగానే ఊళ్లో టీవీలు, ఫోన్లు బంద్. గంటన్నర సేపు పిల్లలు పుస్తకాలు తీస్తారు, పెద్దలు పక్కనున్న మనుషులతో మాట్లాడతారు. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల పేరుతో ఇంట్లోకొచ్చిన ఫోను, బళ్లు తెరిచాక కూడా పిల్లల చెయ్యి వదలకపోవడంతో ఊరంతా కూచుని చేసుకున్న కట్టుబాటది.

ఈ సంగతి మా అపార్ట్‌మెంటు గ్రూపులోకి వీడియోగా ఓ రాత్రి 11.40కి వచ్చింది. 11.42కల్లా ముప్ఫై ఒక్కమంది బొటనవేళ్లు పైకెత్తారు.

ఆదివారం సెల్లార్‌లో మీటింగు. రిటైరైన బ్యాంకు మేనేజరైన మా ప్రెసిడెంటు గారు ప్రపంచమంతా తిప్పి చూపించారు. చైనాలో 2021 నుంచి పిల్లల ఆన్‌లైన్ ఆటలకు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రోజుకు ఒక గంటేనట. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు నుంచి పదహారేళ్లు నిండని వాళ్లు సోషల్ మీడియాలో ఖాతా పెట్టుకోకూడదట. ‘దేశాలు దేశాలే చేస్తుంటే, నలభై ఫ్లాట్ల వాళ్లం మనం చేయలేమా?’ అన్నారు. రాణిగంజ్‌లో 1,800 రూపాయలకు సైరన్ కొన్నాం. తీర్మానం ఏకగ్రీవం. నాకు ఏకగ్రీవమంటేనే గుబులు. అందరూ ఒప్పుకున్నారంటే ఎవరికి వాళ్లు అది పక్కింటివాళ్ల కోసమని అనుకున్నట్టు లెక్క.

మొదటి సవరణ సోమవారమే వచ్చింది. మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఏడింటికి అమెరికా కాల్స్. పొట్టకూటి వ్యవహారం, కాదనలేం. మంగళవారం తల్లులొచ్చారు. స్కూలువాళ్లు హోంవర్కు డైరీలో రాయించడం ఎప్పుడో మానేశారు, ఫోనులోనే పంపుతారు. అదీ సరిగ్గా 6.55కి: ‘రేపు గ్రీన్ డే, ఆకుపచ్చ చొక్కా, ఒక తోటకూర కట్ట.’ ఫోను తీయకపోతే పిల్లాడు తెల్లచొక్కాతో వెళ్లి ఏడుస్తూ వస్తాడు. బుధవారం నూటరెండులో బామ్మగారు. ‘నిబంధన పిల్లలకు కదా నాయనా, సీరియల్ చూసేది నేను కదా’ అన్నారు. ఒళ్లో ఐదేళ్ల మనవరాలు. ఏ కోడలు ఎవరి పాలల్లో ఏం కలిపిందో ఆ పిల్లకు ఎపిసోడ్ల వారీగా తెలుసు.

పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే చూపించొద్దంది. రెండు నుంచి ఐదేళ్లవాళ్లకు గంటకు మించొద్దు, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండాలి. పదేళ్ల దాకా రెండు గంటలలోపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో చంటిపిల్లల విషయంలో దాదాపు ఇదే చెప్పింది. అయితే దూరాన ఉన్న బంధువులతో వీడియో కాల్ మాట్లాడించొచ్చని డాక్టర్లు చిన్న వెసులుబాటిచ్చారు. వాళ్లు సూది బెజ్జమిస్తే మావాళ్లు దాంట్లోంచి లారీ నడిపారు. మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు, మన ఏడింటికి వాళ్లకు తెల్లవారుతుంది. ‘మామకు హాయ్ చెప్పు’తో కాల్ మొదలవుతుంది. ఆ మామ ఆఫీసుకు వెళ్లిపోతాడు, ఫోను మాత్రం పిల్లాడి చేతిలో ఉండిపోతుంది.

ఐపీఎల్ మొదలయ్యాక చివరి సవరణ ప్రెసిడెంటు గారే తెచ్చారు. మ్యాచ్ ఏడున్నరకు, మన గడువు ఎనిమిదిన్నరకు. పవర్‌ప్లే పోయాక ఇక చూడ్డానికి ఏం మిగులుతుందండీ అన్నారు.

పరాయి ఫ్లాట్ల సంగతి చాలు, నా ఇంటికొస్తాను. మా మనవడికి మూడేళ్లు. కోడలు గిన్నెలో పప్పన్నం నెయ్యేసి కలిపి, ఫోను ఆవకాయ జాడీకి ఆనిస్తుంది. తెరమీద బస్సు చక్రాలు తిరిగితే నోరు తెరుచుకుంటుంది. ప్రకటన రాగానే మూసుకుంటుంది. ‘స్కిప్’ నొక్కితేనే మళ్లీ తెరుచుకుంటుంది. తిన్నది పప్పో పెరుగో వాడికి తెలీదు. మా అమ్మ చందమామను చూపించి తినిపించేది. గిన్నె ఖాళీ అయ్యాక ఆ చందమామ ‘తర్వాతిది’ అంటూ ఇంకో చందమామను పంపేది కాదు. ఈ ఉపన్యాసమే ఇచ్చాను. కోడలు గిన్నె నా చేతిలో పెట్టింది. ‘ఫోను తీసేశాను మామయ్యగారూ. మీరు తినిపించండి.’

మొదటి రోజు యాభై నిమిషాలు పట్టింది. సోఫా చుట్టూ పదకొండు ప్రదక్షిణలు, గోడకు పప్పు, నా కళ్లద్దాలకు నెయ్యి. రెండో రోజు ఒక కథ చెప్పాను, సగం తిన్నాడు. మూడో రోజు ఎవరో ఫోను మళ్లీ జాడీకి ఆనించారు. ఎవరో కాదులెండి, నేనే. ఆ అమ్మాయి రోజుకు మూడుపూటలా ఒంటిచేత్తో ఈ పని చేస్తుంటే, తినిపిస్తానని అంతకుముందు నేను ఒక్కసారీ అడగలేదు.

కళ్ల డాక్టరు మాకు 20-20-20 సూత్రం చెప్పాడు. ఇరవై నిమిషాలకోసారి తెర మీంచి కళ్లు తిప్పి, ఇరవై అడుగుల అవతలి వస్తువును ఇరవై సెకన్లు చూడాలట. మా బాల్కనీ నుంచి ఎదుటి అపార్ట్‌మెంటు గోడ ఎనిమిది అడుగులు. పిల్లల్ని కిందికి పంపండి అన్నాడు. బిల్డరిచ్చిన బ్రోచరులో ఆటస్థలం ఉంది, ఉయ్యాల కూడా గీశారు. ఇప్పుడక్కడ చుట్టాల కార్లు పెడుతున్నాం. ‘ఇక్కడ బంతాట ఆడరాదు’ అని బోర్డు పెట్టింది మా కమిటీ. రాత నాదే, అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నన్నే రాయమన్నారు. వడ్‌గావ్‌లో సైరన్ మోగితే వెళ్లడానికి పిల్లలకు అరుగులున్నాయి, పక్కన కూచుని చదివించే మనుషులున్నారు. మేం సైరన్ ఒక్కటే కొన్నాం.

దాన్ని పారేయలేదు, 1,800 రూపాయలు కదా. నీళ్ల ట్యాంకరొచ్చినప్పుడు మోగిస్తున్నాం. సంపు మూతమీద కార్లు పెట్టినవాళ్లు తాళాలతో పరుగున దిగుతారు. వాళ్ల వెనకే పిల్లలూ దిగుతారు. కార్లు తీశాక ఖాళీ అయిన చోట, పైపు కారే నీళ్లలో ఓ అరగంట తడిసి ముద్దవుతారు. ఆ కాసేపూ వాళ్లకు ఫోను గుర్తురాదు. బోర్డు సంగతి నేనూ ఎత్తను.

ట్యాంకరు మంగళ, శుక్రవారాల్లో వస్తుంది.