మూడు ముళ్ల పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.
కన్ను కొలది తెరచి కాంతికి దారిమ్ము
తలుపు తీసి మూయు తడవు తెలిసి
చురుకుదనము పెంచ చుక్కలు రాలును
మూడు ముళ్లు పడిన మురియు బొమ్మ

ప్రతిపదార్థం: కన్ను = లెన్సు నడుమ నుండు రంధ్రమును, అనగా ఎపర్చరును; కొలది = కావలసినంత మేర; తెరచి = విప్పి; కాంతికి = వెలుతురునకు; దారి + ఇమ్ము = తోవ యిమ్ము; తలుపు = షట్టరును; తీసి మూయు తడవు = తెరచి మూయుటకు పట్టు కాలమును; తెలిసి = ఎరిగి; చురుకుదనము = ఐఎస్‌ఓను; పెంచన్ = హెచ్చింపగా; చుక్కలు = నాయిస్ అను మచ్చలు; రాలును = ఫొటోపై పడును; మూడు ముళ్లు = పై మూడు ముడులును (మీటరు ముల్లుకు బహువచనమని భ్రమపడరాదు); పడిన = కుదిరినచో; బొమ్మ = ఫొటో; మురియు = సంతసించును.

తాత్పర్యం: కెమెరా చక్రాన్ని ‘ఎమ్’ (మాన్యువల్) దగ్గరికి తిప్పినవాడు మూడు అంకెలకు తానే పూచీ పడవలెను.

వ్యాఖ్య: ‘కొలది’ దగ్గర విద్యార్థులు తరచూ బెంబేలెత్తుతారు. ఎపర్చరు అంకె పెరిగితే రంధ్రం తగ్గుతుందేమిటని వారి బాధ. అది భాగహారం నాయనా! 50 మి.మీ. లెన్సును ఎఫ్2తో భాగిస్తే 25 మి.మీ. వెడల్పు రంధ్రం, ఎఫ్16తో భాగిస్తే మూడు మి.మీ. పైచిలుకు. 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని ఎక్కుతుంటే ఒక్కో మెట్టుకు వెలుతురు సగమవుతుంది. షట్టరును 1/60 నుంచి 1/125కి జరిపినా సగమే. ఐఎస్‌ఓ 100 నుంచి 200కి పెంచితే బొమ్మ వెలుగు రెట్టింపు. మూడింటిదీ ఒకే లెక్క కనుక ఒకచోట తగ్గించినది ఇంకోచోట పూడ్చుకోవచ్చు.

కవి గడుసుదనమంతా నాలుగో పాదంలో ఉంది. ముళ్లు పడాలన్నాడు గాని, ఏ ముడి ఎంత బిగించాలో చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదయింది. బతుకమ్మ ఆడే మైదానంలో, రాత్రి దీపాల కింద, మీటరు 1/125 సెకను, ఎఫ్2.8, ఐఎస్‌ఓ 1600 అని సలహా ఇచ్చిందనుకుందాం. అలాగే తీస్తే చప్పట్లు కొట్టే చేతులు గాలిలో ఆగిపోతాయి, ప్రతి ముఖమూ గుర్తుపట్టొచ్చు. ఆల్బంకి అది చాలు. ఇప్పుడు ఐఎస్‌ఓను 100కి దించి, షట్టరును 1/8కి పెట్టండి. వెలుగులో ఆవగింజంత తేడా రాదు. కెమెరా ట్రైపాడ్ మీద ఉంటే నడుమన పెట్టిన బతుకమ్మలు, తంగేడు గునుగులతో సహా, పూవు పూవుగా కనిపిస్తాయి. చుట్టూ తిరిగే ఆడవాళ్ల చీరలు కరిగి రంగుల వలయమైపోతాయి. అదీ చాలదా? ఎఫ్5.6 చేసి అర సెకను ఉంచండి, మనుషులు పోయి తిరుగుడే మిగులుతుంది. మీటరు దృష్టిలో ఈ మూడు ఫొటోలూ ఒక్కటే. తీసేవాడికి కాదు.

పూర్వపక్షం: మీటరు సూచిక సున్నా దగ్గర నిలిస్తే చాలదా, ఈ వ్యాఖ్యానమంతా దేనికి?

సిద్ధాంతం: చాలదు. మీటరు ఎదుట ఉన్నదంతా, పడ్డ వెలుతురులో సుమారు 18 శాతం తిప్పి పంపే బూడిద రంగేనని నమ్ముతుంది. ఫ్రేము నిండా తెల్లని గునుగు పూలు పెడితే మాసిపోయిన బూడిద పూలు ఇస్తుంది. నల్ల గేదెను చూపితే దానికీ బూడిద పూస్తుంది. పూలకు ఒకటి, ఒకటిన్నర స్టాపు (మెట్టు) ఎక్కించాలి, గేదెకు దించాలి. రాజమహేంద్రవరంలో గోదావరి రైలు వంతెన వెనక పొద్దు కుంకేటప్పుడు ఆకాశాన్ని కొలిచి అంకెలు బిగించేస్తే కమానులు నల్లగా, నింగి నిండు రంగులో వస్తాయి. తెల్లచొక్కాయన ఎవరైనా ఫ్రేములోకి నడిచొచ్చినా ఆ అంకెలు చలించవు. ఆటోలో పెడితే ఆయన చొక్కాను బట్టి సూర్యాస్తమయం మారిపోయేది.

ఉపసూత్రం: మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబులైట్లు, నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. అటువంటి ఫంక్షన్ హాలులో షట్టరు 1/100 గాని 1/50 గాని ఉంచితే ఫొటో మీద చారలు పడవు. వీడియోగ్రాఫర్లకు ఇది కంఠతా.

అపవాదం: దీపావళి తారాజువ్వల విషయంలో రెండో పాదం పని చేయదు. నిప్పు పరుగెత్తుతూ ఒక్కోచోట క్షణమాత్రమే ఉంటుంది గనుక, గీత వెలుగును ఎపర్చరు, ఐఎస్‌ఓలే నిర్ణయిస్తాయి. ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ 100, ఎఫ్11 పెట్టి రెండు మూడు సెకన్లు తెరిచి ఉంచాలి; ఇంకా ఉంచితే గీతలు మరింత ప్రకాశించవు, వాటి సంఖ్య పెరుగుతుంది. పక్కింటివారి వెయ్యివాలా కూడా చేరుతుంది.

పాఠాంతరం: మూడో పాదంలో ‘చుక్కలు రాలును’ అన్నచోట ‘చుక్కలు పూయును’ అని రాత్రి ఆకాశం తీసేవాళ్లు చదువుకుంటారు. ఊరికి దూరంగా, అమావాస్యనాడు, ఐఎస్‌ఓ 3200, ఎఫ్2.8, ఓ పదిహేను సెకన్లు ఉంచితే నిజంగానే నక్షత్రాలు వస్తాయి, మచ్చలూ వస్తాయి. రెండు పాఠాలూ గ్రాహ్యమే. ఏది నక్షత్రమో ఏది మచ్చో సందేహమైతే వెంటనే ఇంకో ఫొటో తీసి పోల్చాలి: రెండింటిలోనూ అదే వరుసలో నిలిచినవి చాలామట్టుకు నక్షత్రాలు, చోటు మార్చి ఎగతాళి చేసేవి నాయిస్.