చెప్పులు ఎక్కడ విడవమంటారు?

(అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షులకు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన యజమానుల సంక్షేమ సంఘం అధ్యక్షుల వారికి, నానక్‌రామ్‌గూడలోని మన గేటెడ్ కమ్యూనిటీ, బి టవర్, పంతొమ్మిదో అంతస్తు నివాసి నమస్కరించి రాయునది.

విషయం: కారిడార్లలో పాదరక్షల నిషేధం, అతిథుల కాళ్ళ గతి.

అయ్యా,

ఫ్లాట్ల గుమ్మాల ముందు చెప్పులు గానీ, బూట్లు గానీ, షూ ర్యాకులు గానీ కనబడితే ఐదువందలు జరిమానా అని మీరు లిఫ్టులో అంటించిన సర్క్యులర్ చదువుకున్నాం. దాని కిందే, మీ సంతకంతోనే, ఇంకో కాగితం ఉంది. శుభకార్యాలకు వచ్చే అతిథులు మన సంస్కృతిని గౌరవించి పాదరక్షలు ఇంటి బయటే విడవాలని అందులో మనవి. అంటే బయట ఉంచకూడదు, లోపలికి తేకూడదు. మధ్యలో మిగిలింది గడప ఒక్కటే. దాని మీద కాలు పెట్టకూడదని మా అమ్మమ్మ సర్క్యులర్ అంతకు ముందే అమల్లో ఉంది.

మరి వచ్చినవాళ్ళు ఏం చేయాలి? కారులోనే చెప్పులు వదిలేసి రావాలా? మే నెల మధ్యాహ్నం మన పోడియం గ్రానైటు మీద ఒకసారి వట్టికాళ్ళతో నడిచి చూసి సెలవివ్వండి. మీ నిబంధనలకు అచ్చంగా సరిపోయే అతిథి ఈ చుట్టుపక్కల ఒక్కరే ఉండేవారు. ఆయన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్. 1964లో హిందీ కవి ముక్తిబోధ్ పోయినప్పటి నుంచి చెప్పులు మానేశానని చెప్పేవారు. కాళ్ళకు ఏమీ లేవని బొంబాయిలో ఒక పెద్ద క్లబ్బు ఆయన్ని లోపలికి రానివ్వలేదు. అదే మనిషి మన హైటెక్ సిటీ దగ్గర ‘సినిమా ఘర్’ పేరుతో మ్యూజియం పెట్టారు. మన టవర్‌కి వచ్చుంటే మీరు దండ వేసి లిఫ్టెక్కించేవారు. ఆయన 2011లో లండన్‌లో కన్నుమూశారు. ఇక మాకు మిగిలింది లేసుల బూట్లతో వచ్చే బంధుమిత్రులే.

మొన్న పౌర్ణమి సాయంత్రం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. రాయదుర్గం ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన ఓ కుర్రాడు మా గుమ్మం ముందు ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఒక చేత్తో లేసు లాగుతున్నాడు, ఇంకో చెయ్యి ద్వారబంధానికి ఆనించాడు. భుజం మీది లాప్‌టాప్ బ్యాగు జారి మెడకు వేలాడింది. అరచేయంతా పచ్చి పసుపు. బూటు ఊడొచ్చాక చూస్తే సాక్సులోంచి బొటనవేలు బయటికి తొంగిచూస్తోంది. పాపం, ఐదు కథలూ అయ్యేదాకా ఆ పాదాన్ని తొడ కింద మడిచిపెట్టుకునే కూర్చున్నాడు. సరిగ్గా ఆఖరి కథలో మీ సెక్యూరిటీ సూపర్‌వైజర్ వచ్చి గుమ్మం ముందున్న చెప్పులకు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. ప్రసాదం తీసుకుని మరీ వెళ్ళాడు. చలానా మర్నాడు వచ్చింది.

మీ వాదన నాకు తెలుసు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం కారిడార్ ఉమ్మడి జాగా, ఎవడబ్బ సొత్తూ కాదు. బయటికెళ్ళే దారుల్లో అడ్డంకులు ఉండరాదని 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా అంటుంది. పొగ కమ్మేసి, దీపాలారిపోయి, జనం మెట్ల వైపు పరుగెత్తేటప్పుడు చెప్పుల గుట్ట తగిలితే మనిషి బోర్లా పడతాడు. అందులో నాకు రెండో మాట లేదు. కాకపోతే మీ గుమ్మం ముందు నీళ్ళు నింపి పూలు చల్లిన ఇత్తడి ఉరళి ఉంది. పక్కన ఆరు మొక్కల కుండీలున్నాయి, మనవడి సైకిలుంది. అగ్నిదేవుడు వాటిని చూసి పక్కకు తప్పుకుని, మా చెప్పుల మీదే పగబట్టి వస్తాడంటే నేను నమ్మలేను.

అసలు ఎవరు ఎవరి ముందు చెప్పులు విడవాలన్న పంచాయితీ ఈ ఊరికి కొత్త కాదు. ఒకప్పుడు నిజాం దర్బారుకు వచ్చే ఇంగ్లీషు రెసిడెంటు బూట్లు విప్పి నేలమీద కూర్చోవలసిందే. 1869లో నిజాం అఫ్జలుద్దౌలా చనిపోయి, పసివాడైన మహబూబ్ అలీఖాన్‌ను గద్దెనెక్కించినప్పుడు రెసిడెంటు సాండర్స్ పట్టుబట్టి బూట్లతోనే వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు. ఎవరి చెయ్యి పైనో ఆ బూట్లే చాటాయి. ఇక పల్లెల్లో దొర గడీ ముందు నుంచి పోవాలంటే బీదాబిక్కీ చెప్పులు చేతబట్టుకుని నడవాల్సి వచ్చేది. అది మర్యాద కాదు, పెత్తనం. మీ సర్క్యులర్ పుణ్యమా అని ఇప్పుడు మా అతిథులూ కారిడార్ పొడుగునా చెప్పులు చేతబట్టుకునే నడుస్తున్నారు.

స్నేహితుడి ఇంట్లో చెప్పులు విడవడం ఆ జాతి వ్యవహారం కాదు. అక్కడ ఇంటాయన కాళ్ళకూ ఏమీ ఉండవు, వచ్చినవాడి కాళ్ళకూ ఏమీ ఉండవు. ఈ సైబరాబాద్‌లో డైరెక్టరూ, నిన్నగాక మొన్న చేరిన ఫ్రెషరూ ఒకే నేలమీద ఒకే ఎత్తులో నిలబడేది ఎవరింటికైనా భోజనానికి పోయినప్పుడే. మెడలో ఐడీ కార్డు మర్చిపోయి ఉంచుకుంటారేమో గానీ కాళ్ళకు బూట్లు మాత్రం ఉండవు.

పద్ధతులు కూడా ఎవరూ రాసిపెట్టకుండానే అందరికీ తెలుసు. ఇంటివాళ్ళు “అయ్యో ఫర్వాలేదండీ, వేసుకునే రండి” అంటారు. అనడం వాళ్ళ మర్యాద, వినకపోవడం మన మర్యాద. అనుమానమొస్తే ఇంటాయన కాళ్ళ వైపు చూస్తే చాలు. షుగరున్న పెద్దవాళ్ళను ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగొద్దని డాక్టర్లు చెబుతారు. అలాంటివాళ్ళకు ఉతికి ఆరేసిన ఇంటి స్లిప్పర్లు ఒక జత ఇవ్వాలి, బాత్రూమ్ చెప్పులు కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఏసీ బాగుచేయడానికి వచ్చిన అబ్బాయిని బూట్లు విప్పమనకూడదు. అతను కరెంటు తీగలు పట్టుకుంటాడు. మన ఇటాలియన్ మార్బుల్‌ను తుడుచుకోవచ్చు, అతని ప్రాణం అలా కాదు. ఇంటాయన చెప్పులేసుకుని సోఫాలో కూర్చుని, పనివాడి చేత మాత్రం విప్పిస్తే అది గడీయే, ఎన్నో అంతస్తులో ఉన్నా సరే.

ఇంత మంచి పద్ధతికి వచ్చిన కష్టమల్లా జాగా లేకపోవడమే. పాత ఇళ్ళకు వీధి అరుగుండేది. వచ్చినవాడు దాని మీద కూర్చుని చెప్పులు విడిచి, గోలెంలో నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చేవాడు. జపాన్‌లో అగ్గిపెట్టెంత ఫ్లాటుకైనా తలుపు తీయగానే ‘గెన్‌కాన్’ అని కాస్త దిగువన చోటుంటుంది, చెప్పుల కోసమే. మన గుళ్ళ దగ్గర టోకెన్లిచ్చే చెప్పుల స్టాండులున్నాయి. మన బిల్డరు మాత్రం తూర్పు గుమ్మం పెట్టాడు, ఈశాన్యం వదిలాడు, క్లబ్‌హౌసులో స్క్వాష్ కోర్టు కట్టాడు, చెప్పులకు ఏ మూలా వదల్లేదు. కూర్చునే చోటు, పెట్టే చోటు తీసేసి, విప్పాలన్న నియమం ఒక్కటీ అట్టేపెట్టుకున్నాం.

కావున తమరు దయచేసి:

1. ప్రతి అంతస్తులో లిఫ్టు పక్కనున్న ఖాళీ గూటిలో, దారికి అడ్డం రాకుండా, తలుపులున్న ఇనుప షూ ర్యాకు ఒకటి పెట్టించాలి.

2. దాని పక్కన ఒక చిన్న బెంచీ వేయించాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఒంటికాలి తపస్సు చేయలేరు.

3. శుభకార్యాల రోజున క్లబ్‌హౌసులో పడున్న మడత ర్యాకులను అడిగినవాళ్ళకు ఇప్పించాలి. కారిడార్ సగానికి పైగా ఖాళీగా ఉంచే పూచీ ఇంటివాళ్ళది.

4. జరిమానా ఉంచదలిస్తే ఉరళికీ, కుండీలకూ, సైకిలుకూ వర్తింపజేయాలి.

ఈ ఖర్చును మెయింటెనెన్స్‌లో కలిపినా మాకు అభ్యంతరం లేదు. స్విమ్మింగ్ పూల్‌లో దిగనివాళ్ళం కూడా దాని నీళ్ళకు డబ్బు కడుతూనే ఉన్నాం.

ఇట్లు,
మీ విధేయుడు,
బి టవర్, పంతొమ్మిదో అంతస్తు

ప్రతులు: కోశాధికారి గారికి, బిల్డరు గారికి, మా అమ్మమ్మకు.

జతపరచినది: చలానా అసలు ప్రతి. ఐదువందలు మాత్రం జతపరచలేదు. బెంచీ వేయించాక దాని మీద కూర్చుని ఇస్తాను.