10 ఉండాల్సిన చోట 20

పన్నెండు వోల్టులు షాక్ కొట్టవు. పొడి చేతులతో కారు బ్యాటరీ టెర్మినళ్లు రెండూ పట్టుకున్నా మనకేమీ తెలియదు. షాక్ కొట్టనిది ప్రమాదం కాదని నేను నమ్మాను. ఆ నమ్మకంతో చేసిన పని ఒక రాత్రి నా భార్యనీ మా అమ్మనీ చీకటి రోడ్డు మీదికి దింపింది.

నాకా ధైర్యం ఫోన్ల దగ్గర అబ్బింది. ఇంట్లో ఎవరి ఫోను చార్జింగ్ ఎక్కకపోయినా నా దగ్గరికే వచ్చేది. హెయిర్ డ్రయ్యర్‌తో వెనక మూత వేడిచేసి లేపడం, ముందుగా బ్యాటరీ కనెక్టర్ తీసెయ్యడం, ఏ రంధ్రంలో స్క్రూ ఆ రంధ్రంలోకే పోయేలా కాగితం మీద వరసగా పెట్టుకోవడం, చార్జింగ్ పోర్ట్ పట్టీ మార్చడం అన్నీ చేతికి వచ్చాయి. అక్కడ తప్పు చేస్తే మహా అయితే ఒక ఐసీ పోతుంది, ఫోను మూగబోతుంది, కొత్తది కొంటాం. అప్పట్లో అలా అనుకునేవాణ్ణి. నిజానికి ఫోన్ బ్యాటరీ కూడా అంత సాధువు కాదు. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకుంటున్నాయని శాంసంగ్ ఆ మోడల్ మొత్తాన్నే మార్కెట్‌లోంచి తీసేసింది. ఆ వార్త చదివాను కూడా. చదివింది నా బల్ల దాకా వచ్చి ఆగింది, చేతుల్లోకి రాలేదు.

మా పాత కారు హెడ్‌లైట్లు మసక. ఖమ్మం నుంచి తల్లాడ, సత్తుపల్లి మీదుగా అశ్వారావుపేటకు రాత్రిపూట వెళ్లాల్సి వచ్చినప్పుడు, ఎదురొచ్చే లారీల వెలుగు కళ్లల్లో పడ్డాక ముందున్న రోడ్డంతా నల్లగా అయిపోయేది. స్పేర్ పార్ట్స్ షాపులో 100/90 బల్బులు కనబడ్డాయి. కంపెనీ ఇచ్చినవి 60/55. ఒకటే హోల్డర్, ఒకటే పిన్నులు, మార్చడం అయిదు నిమిషాల పని. రోడ్డు మీద వాడకానికి కాదని డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంది. చూశాను, అందరూ వాడుతున్నారు కదా అని పక్కన పడేశాను. ఎదురొచ్చేవాడి కళ్ల సంగతి ఆ క్షణంలో నాకు తట్టనే లేదు. ఏ లారీల వెలుగును తిట్టుకున్నానో అదే వెలుగు నేనూ కొన్నాను.

కొన్నాళ్లకు ఎడమ లైటు ఫ్యూజు కొట్టేసింది. మూత తీసి చూస్తే ఎర్ర ఫ్యూజు, మీద 10 అని ఉంది. లోపలి సన్న తీగ మధ్యలో తెగి, అక్కడి ప్లాస్టిక్ కొంచెం నల్లబడింది. కొత్తది పెట్టాను. అదీ పోయింది. అప్పుడు 20 అని ఉన్న పసుపు ఫ్యూజు తెచ్చి పెట్టాను, కుడివైపు కూడా. ఇక ఫ్యూజు పోలేదు. సమస్య తీరిందనుకున్నాను.

లెక్క వెయ్యడం రానివాణ్ణి కాదు. 60 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే 5 ఆంప్స్. 100 వాట్లయితే 8.3. ఫ్యూజు మీద ఎంత రాసి ఉందో అందులో ముప్పాతిక వంతుకు మించి ఎడతెగకుండా లాగకూడదంటారు. అంటే 10 ఆంప్స్ ఫ్యూజు మీద ఏడున్నర దాటితే అది ఎక్కువ కాలం నిలవదు. తీగలో పుట్టే వేడి కరెంటుతో పాటు సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. అదే తీగలో, అదే స్విచ్‌లో నేను దాదాపు 2.8 రెట్ల వేడి పుట్టించాను. ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. ఈ తీగ ఇంతకు మించి మొయ్యలేదని అది రెండుసార్లు చెప్పింది. నేను దాని నోరు మూయించాను. మల్టీమీటరు అల్మారాలోనే ఉంది. కాగితం మీద ఒక్క భాగహారం చేసి ఉంటే చాలు.

ఆ రాత్రి సత్తుపల్లి దాటాక పామాయిల్ తోటల మధ్య పోతున్నాం. నా భార్య అంది, "ఏవండీ, ఏదో ప్లాస్టిక్ కాలుతున్న వాసన."

"పొలాల్లో చెత్త తగలబెడుతుంటారులే, అద్దాలు ఎక్కించు" అన్నాను.

అద్దాలు ఎక్కించాక వెనక సీట్లోంచి అమ్మ అంది, "ఇప్పుడింకా ఎక్కువొస్తోందిరా."

బయటి వాసనైతే అద్దాలేస్తే తగ్గాలి. అది నాకు అర్థం కావడానికి ఏమీ చదివి ఉండనక్కర్లేదు. అయినా ఆపలేదు. ఇంకా ఎంతదూరమని, ఊరొచ్చేస్తుందనుకున్నాను. ఒక మలుపు దగ్గర రెండు లైట్లూ ఒక్కసారిగా పోయాయి. బ్రేకు తొక్కి, అటూ ఇటూ ఏమీ కనబడకుండానే కారు మట్టిలోకి దించాను. స్టీరింగ్ కింద నుంచి పొగ సన్నగా వస్తోంది. బ్యాటరీ కేబుల్ ఊడదీసేటప్పుడు నా వేళ్లు వణికాయి. అమ్మను దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టాం. మా బావమరిది ఇంకో కారు తెచ్చేదాకా ఫోన్ టార్చ్ వేసుకుని ఉన్నాం.

పొద్దున సత్తుపల్లిలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ స్టీరింగ్ కింది కవరు విప్పారు. ఆ పాత మోడల్‌లో హెడ్‌లైట్లకు రిలే లేదు, కరెంటంతా స్టీరింగ్ పక్కనున్న కాంబినేషన్ స్విచ్‌లోంచే పోతుంది. రెండు బల్బులకూ కలిపి అది మోసింది 16 ఆంప్స్ పైనే. స్విచ్ లోపలి ప్లాస్టిక్ కరిగి, రాగి పలక పక్కకు ఒరిగిపోయింది. దాని వెనక వైర్ల తొడుగులు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఒకచోట రాగి బయటికి కనబడుతోంది. ఆయన ఆ చోటును వేలితో తాకకుండా టెస్ట్ ల్యాంప్ మొనతో చూపించారు. తర్వాత ఫ్యూజు బాక్సు మూత తీశారు. మూత మీద అచ్చు వేసిన 10ని, కింద ఉన్న పసుపు ఫ్యూజునూ చూసి నా వైపు తిరిగారు.

"ఇది ఎవరు పెట్టారు సార్?"

"ఎవరో మెకానిక్" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. "అలాంటోళ్ల దగ్గరికి పోకండి" అని మాత్రం అన్నారు. నా భార్య పక్కనే నిలబడి వింటోంది. ఎక్కడో ఎవరో ఒక మనిషి, కారు పనే బతుకుతెరువైనవాడు, చెయ్యని తప్పుకు ఆ షాపులో దోషి అయ్యాడు.

స్విచ్ కొత్తది వేశారు, కాలిన ముక్క కోసి కొత్త వైరు కలిపారు, రిలేలు పెట్టి లైట్లకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి తీశారు. బల్బులు మళ్లీ 60/55. అవే బల్బులు రిలే పెట్టాక మునుపటికన్నా బాగా వెలుగుతున్నాయి, ఎందుకంటే పాత స్విచ్‌లోనూ సన్న తీగల్లోనూ పోయే వోల్టేజీ ఇప్పుడు బల్బు దాకా చేరుతోంది. నాకు కావలసిన వెలుగు మొదటి నుంచీ ఆ తీగల్లోనే పోతోంది. దాని కోసం నేను మంట కొన్నాను.

నా భార్యకు ఇంటికి వచ్చాక చెప్పేశాను. వాసనొస్తోందన్నప్పుడు ఎందుకు ఆపలేదని ఒక్కటే అడిగింది. ఫ్యూజు మార్చానని ఒప్పుకోవడం కన్నా అది చెప్పడం కష్టమైంది. నాకు భయం వేసింది, అందుకే అది పొలాల వాసన కావాలని కోరుకున్నాను.

ఫోన్లు ఇప్పటికీ విప్పుతాను. బ్యాటరీ ఉబ్బితే మాత్రం ముట్టుకోను, షాపుకు పంపిస్తాను. పక్కింటి కుర్రాడు తన కారుకు పెద్ద బల్బులు వేద్దామని అడిగితే, అతని ఫ్యూజు బాక్సు మూత తీయించి అంకెలు చదివించాను, రిలే ఉందో లేదో చూపించి ఎలక్ట్రీషియన్ దగ్గరికి పంపాను.

సత్తుపల్లిలో చెప్పిన అబద్ధం ఇంకా అలాగే ఉంది. సంక్రాంతికి అదే దారిన వెళ్తున్నాం. ఆ షాపు దగ్గర ఆగి, ఆ పసుపు ఫ్యూజు పెట్టింది నేనేనని ఆయనకు చెప్పాలి.