కౌల్ బజార్‌లో చరిత్ర సంఘం నడుపు విధానం

బళ్ళారి కంటోన్మెంటు పక్కన పుట్టిన పేట మనది. ఇక్కడ చరిత్ర సంఘం పెట్టాలని ఉబలాటపడేవాళ్లు ప్రతి తరంలోనూ నలుగురైనా ఉంటారు. వాళ్లు చెడిపోవడానికి కారణం ఒకటే. ముందు కొండలెక్కి, తర్వాత సంఘం పెడతారు. మొదట కావలసింది రబ్బరు స్టాంపు. ఆపైన లెటర్‌హెడ్డు, దాని మీద హంపి రాతిరథం బొమ్మ. 2021లో హంపి విజయనగర జిల్లా కిందికి పోయింది కదా అని ఎవరైనా కెలికితే, మనది జిల్లాలకు అతీతమైన సంఘం అనండి. తర్వాత ఒక అధ్యక్షుడు, చాలినంతమంది ఉపాధ్యక్షులు, ఒక కోశాధికారి. పనిచేసే మనిషి కార్యవర్గంలో దూరకుండా కాపు కాయండి. అలాంటివాడు ఒక్కడు చొరబడినా ఆదివారం మధ్యాహ్నపు నిద్ర మీకు దక్కదు.

గౌరవాధ్యక్ష పదవి మాత్రం కంకర క్రషర్ ఉన్న పెద్దమనిషికే ఇవ్వండి. దీనివల్ల రెండు లాభాలు. హాలు అద్దె, భోజనాలు ఆయన చూసుకుంటారు. ఊరి పక్కనున్న సంగనకల్లు, కుప్పగల్లు గుట్టల సంగతి ఎవరూ ఎత్తరు.

ఆ గుట్టల జోలికి మాత్రం అసలు పోకండి. బండెక్కితే అరగంట కూడా పట్టని దూరమే, అదే ప్రమాదం. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రవేత్త పందొమ్మిదో శతాబ్దంలోనే అక్కడ తిరిగి రాతిగొడ్డళ్లు ఏరాడు. ఆ గుట్టల్లోని హిరేగుడ్డ మీద డోలరైట్ రాయిని చెక్కి గొడ్డళ్లు తయారుచేసిన తావు ఉంది, రాళ్ల మీద మూపురమున్న పొడవాటి కొమ్ముల ఎడ్ల బొమ్మలు ఉన్నాయి, కొడితే గంటలా మోగే బండలు ఉన్నాయి. ఎవరివి ఇవన్నీ? నాలుగైదు వేల ఏళ్ల కిందట గొడ్లు కాచుకున్నవాళ్లవి. వాళ్ల కులం తెలియదు. మాట్లాడింది తెలుగో కన్నడమో తేల్చడానికి ఒక్క అక్షరమైనా రాసిపెట్టలేదు. ఇలాంటివాళ్ల పేరు చెబితే చందా ఎవరిస్తారు? తప్పనిసరై వెళ్లాల్సి వస్తే, మోగే బండల దగ్గరికి పిల్లల్ని సమ్మెటలతో తీసుకెళ్లి కచేరీ పెట్టించండి. ఎడ్ల పక్కన ఖాళీ ఉంటే కార్యదర్శి పేరు, తేదీ చెక్కించండి. తేదీ వేయడం చరిత్రకారుడి లక్షణం.

ఆ గుట్టల చుట్టుపక్కల ఉన్న బూడిద దిబ్బల విషయంలో మరీ జాగ్రత్త. న్యూబోల్డ్ అనే దొర 1840ల్లోనే వీటి గురించి రాశాడు. ఇవి ఎలా ఏర్పడ్డాయని అప్పటినుంచి పండితులు తర్జనభర్జన పడుతుంటే, 1957లో ఆల్చిన్ అనే ఆయన పాలమూరు జిల్లా ఉట్నూరులో తవ్వి, దొడ్లో పేరుకుపోయిన పేడను మళ్లీ మళ్లీ కాల్చగా మిగిలిన బూడిద అని తేల్చాడు. గొడ్ల గిట్టల అచ్చులు కూడా బయటపడ్డాయి. చూడండి, ఎంత అప్రతిష్ఠ! మీరు మాత్రం రాక్షసుడి చితాభస్మం అనే చెప్పండి. హంపి దగ్గర నింబాపురంలో అలాంటి దిబ్బను వాలి చితి అంటారు. వాలి పేరు మీద అన్నదానం పెట్టవచ్చు, పేడ పేరు మీద ఏం పెడతాం?

సంగనకల్లు తవ్వినవాళ్లలో పురావస్తువేత్త బెండపూడి సుబ్బారావు గారు ఉన్నారు కదా, మనవాడు కదా అని మీకు అనిపిస్తుంది. పేరు ధారాళంగా వాడుకోండి. 1948లో వచ్చిన ఆయన పుస్తకం ‘స్టోన్ ఏజ్ కల్చర్స్ ఆఫ్ బళ్ళారి’ని మాత్రం ఎవరూ చదవకుండా బీరువాలో పెట్టి తాళం వేయండి. చదివినవాడు మట్టి పొరల గురించి అడుగుతాడు. ఫుట్ పేరుతో ఊళ్లో మ్యూజియం కూడా ఉంది. ప్రారంభోత్సవాలు అయిపోయాక అక్కడ మనకేం పని?

ఇక శాసనాలు. రాయిని నీళ్లతో కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో అద్ది అద్ది కొట్టి, సిరా పూసి నకలు తీయడం ఓపిక ఉన్నవాళ్ల పని. మీరు ఎనామెల్ పెయింటు డబ్బా తీసుకెళ్లండి. తెలిసిన అక్షరాలకు ఎరుపు, తెలియనివాటికి మీకు తోచిన ఆకారంలో పసుపు. వీరగల్లు దొరికితే సిమెంటు గద్దె కట్టి నడుము దాకా పూడ్చండి. కింద ఉన్న రాత ఎటూ చదవలేం.

చదవడం కంటే ముఖ్యం, అది ఏ భాషదో గొడవపడటం. మన ఊరికి ఇది వారసత్వంగా వచ్చిన విద్య. 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి వెళ్లాయి. బళ్ళారి తాలూకా సంగతి జస్టిస్ మిశ్రా విచారణ దాకా పోయి మైసూరుకు దక్కింది. ప్రతి సమావేశంలో ఈ అంశాన్నే మొదట పెట్టండి, రెండోదానికి చేరే అవసరం రాదు. మన జిల్లాలోని నిట్టూరు, ఉదెగోళంలలో సాక్షాత్తు అశోకుడి పేరే ఉన్న శాసనాలు బయటపడ్డాయి గానీ, అవి ప్రాకృతం. ప్రాకృతానికి ఇటువైపు ఓట్లు లేవు, అటువైపూ లేవు. వదిలేయండి.

రాజమండ్రివాళ్లు 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టి ఏం చేశారో తెలుసా? రాగిరేకులు చదివి, పాఠాలు అచ్చువేసి, 1926 నుంచి పత్రిక నడిపారు. ఇప్పటికీ పరిశోధకులు ఆ సంచికలు వెతుక్కుంటూనే ఉన్నారు. మనం సావనీరు వేద్దాం. అందులో బట్టల కొట్ల ప్రకటనలు, శుభాకాంక్షలు, కోట గురించి ఒక వ్యాసం చాలు. పక్కనున్న కుంబార గుడ్డ కోటకంటే ఎత్తుగా ఉందని, కోట కట్టిన ఫ్రెంచి ఇంజినీరును హైదర్ అలీ ఉరి తీయించాడని ఊళ్లో చెప్పుకుంటారు కదా, ఆ కథే ప్రతి ఏటా వేయండి. దీనికి ఆధారపత్రం ఏదని అడిగినవాడిని మరుసటి ఏడాది ఆహ్వానపత్రికలు పంచే కమిటీలో వేయండి.

కౌల్ బజార్ చరిత్ర రాస్తామని కుర్రకారు బయల్దేరితే వెంటనే ఆపండి. కంటోన్మెంటు రోజుల్లో సిపాయిల యూనిఫారాలు కుట్టిన దర్జీలు, ఇవాళ జీన్స్ కుట్టే షెడ్లు... ఇదీ ఒక చరిత్రేనా? షెడ్డులో మిషను తొక్కే ముసలాయన దగ్గర కూర్చుని ఎవరు ఎవరికి పని నేర్పారో రాసుకుంటే సాయంత్రం వృథా. పాత అద్దె చీటీలు, లెక్కల పుస్తకాలు కిలోల లెక్కన తూకానికి పోనివ్వండి. ఊరి నాటకాల సంగతీ అంతే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ ముగ్గురూ వకీళ్లు, ముగ్గురూ నాటకాలవాళ్లు. జయంతికి దండలు వేయండి. ఏ ఇంటి అటకమీదైనా వాళ్ల నాటకాల కరపత్రాలు ఉన్నాయేమోనని మాత్రం వెతక్కండి, దుమ్ముకు దగ్గొస్తుంది.

ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒకనాడు ఒక పిల్లోడు ‘అన్నా, చేన్లో దొరికింది’ అంటూ నున్నగా అరగదీసిన రాతిగొడ్డలి పట్టుకొస్తాడు. ఏ చేను, ఎంత లోతున, పక్కన ఇంకేం ఉన్నాయి అని అడగవద్దు. అడిగితే వెళ్లి చూడాలి, ఆపైన పురావస్తు శాఖకు ఉత్తరం రాయాలి. తీసుకుని సబ్బుతో తోమి, మినిట్సు పుస్తకం ఫ్యాను గాలికి రెపరెపలాడకుండా దాని మీద పెట్టండి. గొడ్డలి మీద తెల్ల పెయింటుతో దాత పేరు రాయించండి. దాత అంటే ఆ పిల్లోడు కాదు, ఆ నెల టీ ఖర్చు భరించినాయన.