గ్రేట్ బాత్ లోతెంత?

ఎల్లారెడ్డి నుంచి రోజూ పొద్దున్నే బస్సెక్కి కామారెడ్డికి గ్రూప్స్ కోచింగుకొచ్చే మా అక్క కొడుక్కి ప్రాచీన నాగరికతలంటే ప్రాణం. ప్రాణమంటే మరేం కాదు, బిట్టుకు ఒక్క మార్కు.

“మామా, ఏదన్నా అడుగు” అన్నాడు మొన్న.

“మొహెంజోదారో గ్రేట్ బాత్?”

“పొడుగు 39 అడుగులు, వెడల్పు 23, లోతు 8.”

“తవ్వింది?”

“ఆర్.డి. బెనర్జీ, 1922. హరప్పా అయితే దయారాం సహానీ, 1921.”

“అంత కష్టపడి దాన్నెందుకు కట్టుకున్నర్రా వాళ్లు?”

జాలిగా చూశాడు. “గది బిట్ల రాదు మామా.”

నాలుగున్నర వేల ఏండ్ల నాటి నగరాన్ని నాలుగు ఆప్షన్లకు కుదించిన ఘనత మనది. సుమేరియాకు క్యూనిఫాం, ఈజిప్టుకు హైరోగ్లిఫిక్స్, జతపరిస్తే అయిపోయె. ప్రపంచంలో ఎవరికీ కొరుకుడు పడని సింధు లిపి అయినా మనవాడి నుంచి తప్పించుకుందనుకున్నాను. లేదు. ‘ఇంతవరకు చదవలేకపోయిన లిపి ఏది?’ అదీ బిట్టే.

పదహారు మహాజనపదాల్లో గోదావరి తీరాన ఉన్నది అస్మక. దాని రాజధాని పోదనం మన బోధనే అంటారు చరిత్రకారులు. మనవాడు బోధన్‌ల పెండ్లికి పోయి, బగారన్నం తిని, బస్సుల నిద్రపోయి వచ్చాడు. సంగతి చెబితే నోరు తెరిచాడు: “గా బోధనేనా?” పాపం, పేరు గుర్తుపెట్టుకున్నాడు, ఊరిని గుర్తుపట్టలేదు.

వాడినెందుకు అనాలి? మనమంతా అంతే. మొహెంజోదారో మోరీలు కాల్చిన ఇటుకలతో కట్టారనీ, పైన మూతలుండేవనీ, పూడిక తీయడానికి నడుమ గుంతలు పెట్టారనీ ఆరో తరగతి నుంచి చదువుతూనే ఉన్నాం. చదివి, పాసై, ఉద్యోగాలొచ్చి, వాగు పారే దారి చూసి అందులోనే ప్లాట్లు కొన్నాం. 2025 ఆగస్టు ఆఖర్లో వాన దంచికొడితే కామారెడ్డి కాలనీల్లో కార్లు కొట్టుకుపోయాయి. రైలు పట్టాల కింది మట్టీ పోయింది. మనవాడి కోచింగు రూములో నీళ్లు దిగాక గోడ మీద బురద గీత మిగిలింది.

“ఎంత లోతు వచ్చిందిరా?”

“కొలువలే మామా.”

అదే వానకు ఎల్లారెడ్డి పక్కన, నాగిరెడ్డిపేట మండలంలో పోచారం ప్రాజెక్టు పొంగి పొర్లింది. కట్ట తెగుతుందని జనం గుండెలు చేత పట్టుకున్నారు. తెగలేదు. ఆ రాతికట్ట పూర్తయింది 1922లో, మొహెంజోదారోలో బెనర్జీ తవ్వకం మొదలైన ఏడే. కట్టిన మేస్త్రీలు హరప్పా పేరైనా విని ఉండరు, కానీ నీళ్లు ఎటు పోతాయో వాళ్లకు తెలుసు. మనకు హరప్పా తెలుసు.

చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ మన సదాశివనగర్‌లోనే 2015 మార్చి 12న మొదలైంది. అదీ బిట్టే. తమ ఊరి చెరువు అలుగు పారితే నీళ్లు ఎవరి చేన్లోంచి పోతాయని మాత్రం మనవాడిని అడక్కండి. సిలబస్‌లో లేదు.

రేపు పరీక్షలో ‘సింధు నగరాల విశిష్టత ఏది?’ అని వస్తుంది. మనవాడు ‘పక్కా మురుగు కాలువల వ్యవస్థ’ అన్న చోట గుండ్రంగా, గీత దాటకుండా బబుల్ నింపుతాడు. ఒక్క మార్కు గ్యారంటీ. తర్వాత హాలు బయటికొచ్చి, చెప్పులు చేతబట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, రోడ్డు మీది నీళ్లలో మెల్లగా బస్టాండు దిక్కు నడుస్తాడు.