గడప దాటని లారీ: టీకా తాత్పర్య సహితం

ముందు జోడు పోవు ములకలచెరువుకు
మారు జోడు పోవు మదనపల్లె
నడుమ నున్న బండి నాట్యమాడును గాని
గడప దాటదేమి కనుము తండ్రి

అవతారిక: తంబళ్లపల్లెలో ఒక కుర్రవాడు అసలు లారీలో పదహారో వంతుండే రిమోట్ లారీని విడిభాగాలుగా తెప్పించుకుని, ఎండాకాలం సెలవుల్లో తానే బిగించి, మీట నొక్కాడు. బండి వణికింది గానీ కదల్లేదు. టమాటా లోడు దించి అప్పుడే ఇంటికొచ్చిన డ్రైవరు తండ్రికి పెట్టుకున్న మొర ఈ ఆటవెలది.

టీక: ముందు జోడు = ముందు ఇరుసుకున్న రెండు చక్రాలు; ములకలచెరువుకు = రైలుస్టేషనున్న ఊరికి; మారు జోడు = వెనక ఇరుసు చక్రాలు; మదనపల్లె = టమాటా మార్కెట్టున్న ఊరికి ('కు' పెడితే గణం చెడుతుంది, కవి మింగేశాడు); నాట్యమాడును = మోటారు మూలుగుతుండగా క్యాబిన్ ఊగును; తండ్రి = స్పానర్ల పెట్టె ఎవరిదో ఆయన.

తాత్పర్యం: ఒకే మోటారుతో తిరిగే రెండు ఇరుసులు ఒకదానికొకటి ఎదురు తిరుగుతున్నాయి. నాయనా, ఇటు రా.

వ్యాఖ్య: బ్యాటరీ దిగిపోయిందని కొందరంటారు. దిగిన బ్యాటరీకి మూలిగే ఓపిక ఎక్కడిది? మోటారు వైర్లు తారుమారయ్యాయని మరికొందరు. అలాగైతే రెండు జోళ్లూ కలిసి వెనక్కి పోవాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ పోవడానికి వైరు చాలదు. 'గడప దాటెనేమి' అనే పాఠాంతరం మరోసారి నిజంగానే వైర్లు తారుమారైనప్పటిది, ముందుకు నొక్కితే బండి వెనక్కి పోయి మెట్ల మీంచి దొర్లిన నాటిది.

దోషం క్రౌన్‌ది. ఇరుసును తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్; షాఫ్టు చివరనుండి దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్; రెండూ ఉండే డబ్బా హౌసింగ్. హౌసింగ్‌లో క్రౌన్‌ను పినియన్‌కు కుడిపక్కన గానీ ఎడమపక్కన గానీ పెట్టొచ్చు. ప్లాస్టిక్ హౌసింగ్ రెంటికీ ఒప్పుకుంటుంది, అడ్డు చెప్పదు. పిల్లవాడు రెండూ ఒకేలా ఉండాలని ముందూ వెనకా ఎడమపక్కనే పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ గేర్‌బాక్సు నుంచి ముందుకు పోయే షాఫ్టూ వెనక్కి పోయే షాఫ్టూ ఒకే దిక్కున తిరుగుతాయి. ముందు ఇరుసులో పినియన్ క్రౌన్‌ను వెనక అంచున పట్టుకుంటుంది, వెనక ఇరుసులో ముందు అంచున. అంచు మారింది గనక పక్క కూడా మారాలి: ఒకటి ఎడమనుంటే రెండోది కుడినుండాలి. ఇది ఊహించి చెప్పే మాట కాదు. బండిని ఇటుకరాయి మీద ఎత్తిపెట్టి, చక్రాలు గాల్లో ఉండగా మీట కొద్దిగా నొక్కితే ఎవరికైనా కనబడుతుంది. నేల మీద పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంటే మాత్రం పళ్లు రాలతాయి, లేదా మోటారు కాలుతుంది.

శంక: అలా ఎత్తిపెట్టినప్పుడు ఒక చక్రాన్ని వేలితో ఆపితే ఎదుటిది రెట్టింపు వేగంతో తిరుగుతోంది. ఇదీ దోషమేనా?

సమాధానం: కాదు, అది డిఫరెన్షియల్ ధర్మం. రెండు చక్రాల వేగాల సగటు క్రౌన్ వేగంతో సమానం; ఒకటి సున్నా అయితే మిగతాదంతా రెండోదానికే. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి గనక ఈ ఏర్పాటు. మల్లయ్యకొండ బండల మీద ఎక్కించాలనుకునేవారు దీన్ని లాక్ చేస్తారు, ఒక చక్రం గాల్లోకి లేచినా రెండోది పట్టు వదలదు. అదే బండి సిమెంటు గచ్చు మీద మలుపు తిరిగితే టైర్లు ఈడ్చుకుపోతాయి. రెండూ కావాలనేవారికి ఈ వ్యాఖ్యాత దగ్గర మందు లేదు.

కటకటమని చప్పుడొస్తే క్రౌన్ వెనక సన్నని వాషర్ ఒకటి వేయాలి. మరీ బిగిస్తే మోటారు వేడెక్కుతుంది. సుమతీ శతకం కందెన ప్రస్తావన తెచ్చింది కరణాన్ని మంచి చేసుకోమనడానికి; ఇక్కడ మాత్రం నిజంగా కందెనే కావాలి, అదీ హౌసింగ్ లోపల పళ్లకు. బయట పూస్తే తంబళ్లపల్లె దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

ఇరుసు తిరుగుతూ చక్రం మాత్రం నిలబడితే అడ్డసీల పడిపోయిందని గ్రహించునది. ఎద్దులబండిలో ఇరుసు నిలిచి ఉంటుంది, చక్రం దాని చుట్టూ తిరుగుతుంది. కడసీల చక్రం ఊడకుండా కాపలా మాత్రమే. ఇక్కడ ఇరుసే తిరుగుతుంది, చక్రాన్ని తిప్పేదే ఆ అడ్డసీల. బియ్యపుగింజంత ఉంటుంది గనక చక్రం విప్పేముందు కింద తెల్లటి తుండుగుడ్డ పరచాలి. ఆ తుండుగుడ్డకు గ్రీజు మరకలంటిన సందర్భంలో ఇంటి ఇల్లాలు చేసిన వ్యాఖ్యానం వేరే ఉంది, అది ఇక్కడ ఉదహరించదగినది కాదు.