కార్డు మీద బొమ్మ

మా రోజుల్లో ధర్మాసుపత్రికి వెళ్ళాలంటే ఖాళీ సీసా ఇంటి నుంచే పట్టుకెళ్ళాలి. కాంపౌండరు అందులో ఎర్రమందు పోసి, మోతాదు తెలిసేలా గాట్లు పెట్టిన కాగితం ముక్క అతికించేవాడు. దగ్గుకీ అదే, జ్వరానికీ అదే. బ్రహ్మానందరెడ్డి దిగిపోయి పి.వి. వచ్చినా, ఆ తర్వాత వెంగళరావు వచ్చినా ఆ మందు రంగు మారలేదు. చీటీ మీద ఎవరి బొమ్మా ఉండేది కాదు.

ఇప్పుడో! 2007లో రాజశేఖరరెడ్డి రాజీవ్ ఆరోగ్యశ్రీ అని ఉచిత వైద్య పథకం తెచ్చారు. రాష్ట్రం విడిపోయాక చంద్రబాబు వచ్చి దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ చేశారు. 2019లో జగన్ వచ్చి వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అన్నారు. 2024లో చంద్రబాబు కూటమి వచ్చాక మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, రెండేళ్ళకి మళ్ళీ ఎన్టీఆర్. పాపం ఆ పిల్లలు, చేరింది ఒక యూనివర్సిటీలో, బయటికొచ్చేది ఇంకోదాన్నుంచి.

అలాగని మా రోజులే బంగారమని బుకాయించను. గుండె ఆపరేషనంటే మద్రాసో వెల్లూరో పోవాలి, పోవాలంటే పొలం అమ్మాలి. అమ్మడానికి లేనివాడు ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని తిరగాలి. ఆరోగ్యశ్రీ వచ్చాక తెల్లకార్డు చూపిస్తే చాలనడం చిన్న విషయమేమీ కాదు. అందుకే కుర్చీ ఎక్కినవాడెవడూ ఆ పథకాన్ని ఎత్తేసే సాహసం చెయ్యలేదు. ఎత్తెయ్యలేనప్పుడు ఏం చేస్తాడు? పేరు మారుస్తాడు, లేదా వైద్యం ఖర్చు పరిమితి పెంచుతాడు. రెండు లక్షలతో మొదలైనదాన్ని 2023 డిసెంబరులో జగన్ 25 లక్షలు చేశారు. అదే నెల్లో తెలంగాణలో కొత్తగా వచ్చిన కాంగ్రెసు 5 లక్షల్ని 10 చేసింది.

పెంచడానికేం, కాగితం మీద సున్నా చుట్టడమే కదా! బిల్లులు కట్టేటప్పుడు తెలుస్తుంది. మొన్న మా మరదలిని ఓ ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళితే, కౌంటర్లో కుర్రాడు, "తాతగారూ, గవర్నమెంటు డబ్బులు రావట్లేదండీ, కార్డు కేసులు ఆపేశాం" అన్నాడు. ఏ ప్రభుత్వం నాటి బకాయిలు నాయనా అంటే, "ఏదైతే ఏముందండీ, రాలేదు" అన్నాడు. ఈ ప్రభుత్వం పాత ప్రభుత్వాన్ని చూపిస్తుంది, అది అంతకు ముందుదాన్ని చూపించింది.

అసలు పట్టించుకోవలసిన మార్పు వేరే ఉంది. ఆరోగ్యశ్రీ మొదట బీమా కంపెనీతో మొదలైంది. తర్వాత ట్రస్టు చేతికొచ్చింది. 2025 సెప్టెంబరులో కూటమి మంత్రివర్గం మళ్ళీ బీమా వైపు తిరిగింది. రెండున్నర లక్షల దాకా కంపెనీ కట్టాలట, ఆ పైన 25 లక్షల వరకూ ట్రస్టట. లాభం చూసుకునే కంపెనీ ఏ కేసుకి సరేనంటుందో, దేనికి కొర్రీ వేస్తుందో రోగికి తేలాల్సింది అక్కడ. మెడికల్ కాలేజీలదీ అంతే. జగన్ కొత్తగా 17 ప్రభుత్వ కాలేజీలన్నారు, 2023లో ఐదింట్లో క్లాసులు మొదలయ్యాయి. ఈ ప్రభుత్వం పదింటిని ప్రైవేటు భాగస్వామ్యంలో పెడతానంటోంది. సీటుకి ఫీజెంత, ఓపీకి రుసుమెంత అని అడగాలా వద్దా?

ఈ మాటే మా ఊరి టీ కొట్టు దగ్గర ఎత్తాను. సగం మంది వైఎస్సార్ పేరు తీసేశారని మండిపడ్డారు, మిగతా సగం ఎన్టీఆర్ పేరు ముందెవరు తీశారని లేచారు. బీమా కంపెనీ సంగతేమిట్రా అంటే, "నీకెందుకు తాతా, టీ చల్లారిపోతోంది" అన్నాడొకడు.